బాలిలో డబ్బు మార్పిడి, బజారు బేరం

బాలిలో జేబుకు చిల్లు పడేది ఎక్కువగా డబ్బు మార్చుకునే చోటే. కూటా వీధుల్లో బట్టల కొట్టు మూల ఒక బల్ల, బయట అందరికంటే ఎక్కువ రేటు రాసిన బోర్డు కనిపిస్తే అటు పోకండి. డాలర్లకు 10,000, 20,000 రుపియా (ఇండోనేషియా కరెన్సీ) నోట్లు కుప్పగా ఇస్తారు. మీరు లెక్కపెడితే సరిగ్గానే ఉంటాయి. 'ఒకసారి చూస్తా' అంటూ కట్ట వెనక్కి తీసుకుని బల్లమీద తట్టి సర్దుతారు, ఆ సర్దడంలో నాలుగైదు నోట్లు అవతలికి జారిపోతాయి. లక్ష రుపియా నోట్లే అడగండి. ఆఖరి లెక్క మీదే కావాలి, ఆ తర్వాత కట్ట ఎవరి చేతికీ ఇవ్వకండి. మొండికేస్తే మీ డాలర్లు తీసుకుని బయటకు వచ్చేయండి.

బ్యాంక్ ఇండోనేషియా అనుమతి ఉన్న, రసీదు ఇచ్చే దుకాణంలో రేటు కాస్త తక్కువైనా అదే మేలు. మడతలు, పెన్ను గీతలు లేని 100 డాలర్ల నోట్లు పట్టుకెళ్లండి. చిన్న నోట్లకు, నలిగినవాటికి రేటు తగ్గిస్తారు.

ఏటీఎం మీద 50,000 లేదా 1,00,000 అని స్టిక్కర్ ఉంటుంది. లక్ష నోట్ల మిషన్‌లో ఒక్కసారికే ఎక్కువ మొత్తం వస్తుంది, ఫీజు ఆదా అవుతుంది. స్క్రీన్ మీద మీ దేశం కరెన్సీలో లెక్క చూపిస్తే వద్దని నొక్కండి, ఆ మార్పిడి రేటు బాగుండదు. కొన్ని మిషన్లు ముందు డబ్బిచ్చి తర్వాతే కార్డు వదులుతాయి. కార్డు చేతికొచ్చేదాకా కదలకండి.

కొనుగోళ్లకొస్తే, ఉబుద్ రాజభవనం ఎదుటి బజారు చూడ్డానికి బాగుంటుంది గానీ ధరలు ఎక్కువే చెబుతారు. సగం నుంచి బేరం మొదలుపెట్టండి. నాలుగైదు రకాలు కలిపి కొనేవాళ్లకు సుకావతి బజారు నయం. పొద్దున్నే వెళ్లండి: బోణీ మీద అక్కడి వ్యాపారులకూ గురి ఎక్కువ, తొలి బేరం డబ్బుతో మిగతా సరుకునంతా తట్టి మురిసిపోతారు. ఆ వేళ ధర దిగుతుంది. వెండికి చెలుక్ ఊరు, చెక్క బొమ్మలకు మాస్ ఊరు వెళ్లాలి. వెండి మీద 925 ముద్ర (92.5 శాతం వెండి అని గుర్తు) చూసుకోండి. 'హర్గా పాస్' అని రాసి ఉంటే ఒకటే ధర, బేరం లేదు.

హోటల్ మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే పన్ను, సర్వీసు చార్జి విడిగా పడతాయి. రెండూ కలిసి 21 శాతం దాకా ఉండొచ్చు. నూసా పెనీడా దీవికి వెళ్లేవాళ్లు నగదు ముందే తీసుకోండి, అక్కడ ఏటీఎంలు తక్కువ. 2019 నుంచి ప్లాస్టిక్ సంచుల మీద నిషేధం ఉంది కాబట్టి గుడ్డ సంచి ఒకటి వెంట ఉంచుకోండి.