మే సెలవుల్లో దయారా బుగ్యాల్: ట్రెక్ ఎలా ఎంచుకున్నాం, తీసుకెళ్లినవాళ్లు ఎలా చూసుకున్నారు

నేను అనంతపురంలో గవర్నమెంట్ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. మా చెల్లెలు తాడిపత్రిలో ఎలిమెంటరీ టీచరు. నాకు 47, తనకు 43. హిమాలయాల్లో నాలుగు రోజులు నడవాలని మూడేళ్లుగా అనుకుంటూనే ఉన్నాం. మాకు వీలయ్యేది మే నెల ఒక్కటే. జూన్ రెండో వారానికల్లా బడులు తెరిచేస్తారు. అందుకే ఈ వేసవిలో ఉత్తరాఖండ్‌లో ఉత్తరకాశీ జిల్లాలోని దయారా బుగ్యాల్‌కి వెళ్లొచ్చాం. తీసుకెళ్లిన సంస్థ పేరు రాయడం లేదు. మీరు ఎవరితో వెళ్లినా ముందు ఏమేం అడగాలో మాత్రం రాస్తాను.

మొదట మనసు పడింది పూలలోయ మీద, వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్. కానీ దాన్ని తెరిచేదే జూన్ 1న. పూలు నిండుగా చూడాలంటే జులై, ఆగస్టులో వెళ్లాలి. అప్పటికి మేము క్లాసుల్లో ఉంటాం. హిమాచల్‌లోని హంప్టా పాస్ అనే కనుమ 4,200 మీటర్లు దాటుతుంది, మేలో ఇంకా మంచు ఉంటుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకి అది వద్దనిపించింది. ఉత్తరాఖండ్‌లోనే ఉన్న హర్ కీ దూన్ లోయ నాకు చాలా నచ్చింది గానీ రోజూ నడక ఎక్కువ, చెల్లెలికి కుడి మోకాలు ఇబ్బంది. దయారాలో పైభాగం సుమారు 3,600 మీటర్లు. నడక మొదలయ్యే రైథల్ ఊరే రెండు వేల మీటర్ల పైన ఉంది. మిగతా ఎక్కుడు మూడు రోజుల మీద పంచుకుంటుంది, ఏ రోజూ నడక మరీ పొడుగు కాదు.

సైట్లలో అన్నిటికీ 'ఈజీ' అనే రాసి ఉంటుంది. ఆ మాటను నమ్మి డబ్బు కట్టొద్దు. ఏ రాత్రి ఎక్కడ పడుకుంటాం, ఆ చోటు ఎంత ఎత్తు అని ఫోన్ చేసి అడగండి. రెండున్నర వేల మీటర్లు దాటాక రోజూ వ్యాయామం చేసేవాళ్లకి కూడా తలనొప్పి, వాంతులు రావొచ్చు. మూడు వేలు దాటాక పడుకునే చోటు రోజుకి ఐదు వందల మీటర్ల కంటే ఎక్కువ పెరగకూడదు. అలిపిరి మెట్లు 3,550 ఎక్కాం కదా అని మాకూ ధైర్యంగానే ఉండేది, కానీ తిరుమల కొండ ఎత్తు వెయ్యి మీటర్ల లోపే. ఒక సంస్థవాళ్లని అడిగితే, "మేడమ్, ఈజీ ట్రెక్, టెన్షన్ పెట్టుకోవద్దు" అన్నారే తప్ప లెక్క చెప్పలేదు. ఇంకో సంస్థ గంటలో రాత్రివారీగా ఎత్తులు రాసి పంపింది. వాళ్లకే కట్టాం, డెహ్రాడూన్ నుంచి డెహ్రాడూన్‌కి మనిషికి 11,500.

మార్చి నుంచి ప్రతి ఆదివారం గుత్తి కోట ఎక్కాం. తెల్లవారుజామున ఐదున్నరకి మొదలు పెట్టి ఎండ ఎక్కకముందే దిగేవాళ్లం. బ్యాగులో రెండు లీటర్ల నీళ్లు, మూడు కిలోల బియ్యం వేసుకునేవాళ్లం. ఎక్కడం కంటే ఆ దిగడమే తర్వాత బాగా పనికొచ్చింది.

అనంతపురంలో కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ, అక్కడి నుంచి డెహ్రాడూన్ చేరాం. అక్కడి నుంచి రైథల్ తీసుకెళ్లడానికి ఉదయం ఆరింటికి వస్తుందన్న సంస్థ బండి ఏడూ నలభైకి వచ్చింది. రైథల్ చేరేసరికి చీకటి పడింది. గ్రూపులో పదిహేను మందే అన్నారు, తీరా చూస్తే ఇరవై మూడు మందిమి. ఆడవాళ్లందరికీ కలిపి ఒకటే టాయిలెట్ టెంటు, పొద్దున ఐదు నుంచే లైను. గ్రూపు ఎంతమందో మెసేజ్‌లో రాయించుకోండి. నోటిమాట సరిపోదు.

గైడ్ మాత్రం బంగారం. రైథల్ ఊరాయనే, యాభై దాటి ఉంటాయి. మొదటి రోజు గూయీ క్యాంపు వైపు ఎక్కుతుంటే కుర్రాళ్లు ముందుకు ఉరికారు. ఆయన వెనక్కి పిలిచి అందరినీ తన వెనకే నడవమన్నాడు. నేను ఆయన కాళ్లనే చూస్తూ నడిచాను. వెనక కాలి మడమ దగ్గరే ముందు కాలు పెట్టేవాడు, జానెడు కంటే ఎక్కువ చాచేవాడు కాదు, అడుగు మొత్తం నేల మీద ఆనాకే బరువు మార్చేవాడు. మధ్యమధ్యలో వెనక్కి తిరగకుండానే, "దీదీ, మీ ఊళ్లో ఏం పండుతుంది?" అని అడిగేవాడు. చెనిక్కాయ అని చెప్పి, దాని గురించి నాలుగు మాటలు ఆయాసం లేకుండా చెప్పగలిగితే అదే వేగంతో పోయేవాడు. మాట తెగితే ఆగిపోయేవాడు. అది పరీక్ష అని నాకు మధ్యాహ్నానికి గానీ తెలియలేదు. ఆ తర్వాత మేం తీసుకెళ్లిన చెనిక్కాయ ఉండలు ఆయనకీ రెండు పెట్టాం.

పొద్దున, సాయంత్రం అందరి వేలికీ, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్ పెట్టి చిన్న నోటుపుస్తకంలో రాసుకునేవాడు. చిలాపడా క్యాంపులో రెండో రాత్రి చెల్లెలికి తల పగిలిపోయినంత నొప్పి, రీడింగ్ 86 చూపించింది. ఆయన తనని వెంటనే పడుకోనివ్వలేదు. కూర్చోబెట్టి గోరువెచ్చని నీళ్లు కొంచెం కొంచెంగా తాగించాడు. "పొద్దుటికి తగ్గకపోతే నా తమ్ముడు మిమ్మల్ని కిందికి తీసుకెళ్తాడు, పైకి పంపను" అని మెల్లగానే చెప్పాడు. పదకొండింటికి, మళ్లీ రెండింటికి టెంటు దగ్గరికొచ్చి పిలిచి చూశాడు. తెల్లారేసరికి నొప్పి పోయింది, రీడింగ్ 91. ఈ ఒక్క రాత్రికే నేను కట్టిన డబ్బంతా చెల్లు.

బుగ్యాల్ అంటే ఎత్తయిన చోట పరుచుకున్న పచ్చిక మైదానం. అక్కడే టెంటు వేస్తే బాగుండేదని కొందరు విసుక్కున్నారు. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాళ్లలో రాత్రి బస వద్దంది, అందుకే క్యాంపులన్నీ కింద అడవిలో ఉంటాయి. ఎందుకో గైడ్ చూపించాడు. వాన నీళ్లు పోవడానికి ఎప్పుడో ఎవరో టెంటు చుట్టూ తవ్విన కాలువ గుర్తు ఇంకా ఉంది. మోకాళ్ల మీద కూర్చుని చూశాను. ఆ గాడిలో ఒట్టి నల్లమట్టి, కంకర. పక్కనే వేళ్లు చాపలా అల్లుకుపోయిన పచ్చిక, అందులో గోరంత ఊదా పూలు, ప్రిములా జాతివి. మా పిల్లలకి నేలకోత పాఠం చెప్పడానికి ఆ గాడి ఫొటో తీసుకున్నాను. ఎదురుగా 6,316 మీటర్ల బందర్‌పూంచ్ తెల్లగా నిలబడి ఉంటే నేను నేల చూస్తున్నానని చెల్లెలు కోప్పడింది.

భోజనం పప్పు, రోటీ, రాజ్మా, వేడివేడిగా. స్లీపింగ్ బ్యాగు శుభ్రంగా, లోపల ఉతికిన లైనర్‌తో ఇచ్చారు. అద్దె బూట్లు మాత్రం దారుణం. దిగేటప్పుడు నాయటా క్యాంపు దగ్గర నా ఎడమ బూటు అడుగు ఊడితే గైడ్ తాడుతో కట్టాడు, ఆ తాడుతోనే రైథల్ దాకా దిగాను. ఫిర్యాదు చేస్తే బూట్ల అద్దె తిరిగిచ్చారు, బండి ఆలస్యం గురించి ఏమీ మాట్లాడలేదు. బూట్లు సొంతంగా కొనుక్కుని, రెండు నెలలు వాడి వెళ్లండి. చేతికర్రలు రెండూ తీసుకోండి, ఒకటి చాలదు. చెల్లెలి మోకాలు నిలబడింది వాటితోనే.

వచ్చే మేలో హర్ కీ దూన్ అనుకుంటున్నాం. ఈసారి గైడ్‌కే నేరుగా ఫోన్ చేశాం. ఆయన మొదట అడిగింది చెల్లెలి తలనొప్పి గురించి.