ఈమాక్స్‌లో సొంత ఇండెంట్ రూల్స్: చాలాకాలం వాడాక

2023 జులైలో వచ్చిన ఈమాక్స్ ఎడిటర్ 29వ వెర్షన్‌తో ట్రీ-సిట్టర్ (కోడ్‌ని చదివి, నోడ్‌లున్న సింటాక్స్ ట్రీగా మార్చే పార్సర్) సపోర్ట్ అందులోనే కలిసింది. అప్పటి నుంచీ నా సి కోడ్ ఇండెంట్ (లైన్ ముందు వదిలే ఖాళీ) దాదాపుగా దాని రూల్స్ మీదే నడుస్తోంది. పాత సి మోడ్ కన్నా ఇదే నాకు నచ్చింది. అలాగని పాతదాన్ని పూర్తిగా వదల్లేదు.

ఒక్కో రూల్లో మూడే ముక్కలు: ఎప్పుడు, ఎక్కణ్ణుంచి, ఎన్ని స్పేసులు. మా టీమ్‌లో ఆర్గ్యుమెంట్లు రెండో లైన్‌కి దిగితే బ్రాకెట్ కింద వరస పెట్టరు, నాలుగు స్పేసులు జరుపుతారంతే. దానికి రూల్: పేరెంట్ (ట్రీలో పై నోడ్) ఆర్గ్యుమెంట్ లిస్ట్ అయితే, ఆ పేరెంట్ మొదలైన లైన్ నుంచి, 4. మూసే బ్రాకెట్‌కి విడిగా ఇంకోటి, అదే చోటు నుంచి 0. ఈ రెండోదే పైన ఉండాలి. పైనుంచి చూసుకుంటూ వచ్చి మొదట కుదిరిన రూల్‌నే పట్టుకుంటుంది, మిగతావాటి మొహం కూడా చూడదు. నోడ్ పేర్లను రెజెక్స్‌తో (అక్షరాల నమూనాతో) పోలుస్తుంది కాబట్టి ఉత్త ‘లిస్ట్’ అని రాస్తే పారామీటర్ లిస్టూ, ఇనిషియలైజర్ లిస్టూ అన్నీ దానికే చిక్కుతాయి. పేరు మొత్తం కలిస్తేనే పట్టుకునేలా ముందు ^, చివర $ పెట్టండి.

ఏ రూల్ పట్టిందో తెలియకపోతే పిచ్చెక్కుతుంది. ట్రీసిట్ ఇండెంట్ వెర్బోస్ ఆన్ చేస్తే ట్యాబ్ నొక్కినప్పుడల్లా ఆ రూల్ కింద ఎకో ఏరియాలో కనిపిస్తుంది. ఎక్స్‌ప్లోర్ మోడ్ పక్క విండోలో సింటాక్స్ ట్రీని చూపిస్తుంది. ఈ రెండూ లేకపోతే నేను ఎప్పుడో చేతులెత్తేసేవాణ్ణి. (మీ టీమ్ కోడ్‌ని దానంతటదే సర్దే క్లాంగ్-ఫార్మాట్ వాడుతుంటే ఇంత తతంగం అక్కర్లేదనుకోండి.)

అసలు చిరాకు సగం టైప్ చేసిన కోడ్‌తో. బ్రాకెట్ తెరిచి ఎంటర్ కొడితే, చాలాసార్లు ట్రీలో ఎర్రర్ నోడ్ తప్ప ఆర్గ్యుమెంట్ లిస్టే ఉండదు, కర్సర్ వెళ్లి ఎక్కడో కూర్చుంటుంది. ఎలక్ట్రిక్ పెయిర్ మోడ్ పెట్టాక మూసే బ్రాకెట్ దానంతటదే పడుతోంది, ఈ గోల చాలావరకు తగ్గింది. ఖాళీ లైన్ మీద నోడే ఉండదు, దానికి ‘నో-నోడ్’ రూల్ వేరే రాసుకోవాలి.

ఇఫ్‌డెఫ్‌లతో (షరతును బట్టి కోడ్‌లో కొంత భాగాన్ని ఉంచే, తీసేసే లైన్లతో) ముక్కలైన పాత ఫైళ్లకు మాత్రం దీని దగ్గర మందు లేదు. రెండు బ్రాంచిల్లో రెండు ఇఫ్‌లు తెరిచి, కింద ఒకే బ్రేస్‌తో మూస్తే పార్సర్ తికమక పడుతుంది. వాటికి ఇప్పటికీ పాత సి మోడే. అందులో కంట్రోల్-సి కంట్రోల్-ఎస్ నొక్కితే ఆ లైన్‌ని ఏమనుకుంటోందో చెప్తుంది, కంట్రోల్-సి కంట్రోల్-ఓతో దాని ఇండెంట్‌ని అక్కడికక్కడే మార్చేయొచ్చు.