ఈఈ-8 ఫీల్డ్ ఫోన్ రిపేరు: డాబాగార్డెన్స్ సందులో పనితనం

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన ఈఈ-8 లాంటి, పిడి తిప్పి అవతలి గంట మోగించే చేతి మర ఫోన్‌ను బాగుచేసే చిన్న షాపు ఇది. బోర్డు కూడా లేదు. పని మాత్రం చాలావరకు పద్ధతిగానే ఉంది.

విశాఖ ఉప్పుగాలికి ముందు దెబ్బతినేది సెల్స్ గదే. డి సైజు సెల్స్ రెండు, వరుసగా, మొత్తం 3 వోల్టులు. ఇత్తడి పట్టీల మీద పట్టిన పచ్చటి చిలుమును గరుకు కాగితంతో గీకేయకుండా, ఆల్కలైన్ సెల్ కారిన చోట దూదితో వెనిగర్ అద్ది తుడిచారు. అది మెచ్చుకోవాలి.

మాట గరగరమంటే కార్బన్ మైకులోని బొగ్గు గుళికలు గడ్డకట్టాయన్నమాట. అరచేతిలో నాలుగు దెబ్బలు కొడితే ఒక్కోసారి విడిపోతాయి. లేకపోతే దాని బదులు ఎలక్ట్రెట్ మైకు (ఇప్పటి రకం చిన్న మైకు) పెడతామంటారు. సరే, కానీ నేరుగా కలిపితే గొంతు వినపడదు, వెనక చిన్న ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్ ఉండాల్సిందే. ఎండి పగిలిన రబ్బరు తీగను మెత్తటి కొత్త తీగతో మార్చారు, కొలత కూడా సరిపోయింది.

తప్పు జరిగింది మర దగ్గర. గట్టిపడ్డ గ్రీజు తీయడానికి అయస్కాంతాల మధ్యనుంచి ఆర్మేచర్ (తీగ చుట్టిన తిరిగే భాగం) ఊడదీసి, అయస్కాంత బలం నిలవడానికి ఇనుప పట్టీ అడ్డం పెట్టకుండా అలాగే వదిలేశారు. పాత అయస్కాంతాలు అలా బలం కోల్పోతాయి. ఇప్పుడు ఎంత తిప్పినా అవతలి గంట నీరసంగా మోగుతోంది. మళ్లీ అయస్కాంతీకరించాలంటే వాళ్ల దగ్గర సాధనం లేదు.

మైకు, తీగ పనులకైతే వెళ్లండి. మర మాత్రం ముట్టుకోవద్దని ముందే చెప్పండి.