జాజ్ వాద్యకారులకు తోడు వెతికే యాప్: చాలాకాలం వాడిన తర్వాత

ఈ యాప్‌కు నేను ఇంకా చందా కడుతున్నానంటే దానికి కారణం అందులోని ట్యూన్ల జాబితా ఒక్కటే. పుస్తకం చూడకుండా తనకు వచ్చిన ట్యూన్లు ఏవో, వాటిని ఏ కీలో, అంటే ఏ శ్రుతిలో, వాయించగలడో ప్రతి సభ్యుడూ అందులో నమోదు చేసుకుంటాడు. మనం ముగ్గురినో నలుగురినో ఎంచుకుంటే, వాళ్లందరికీ ఉమ్మడిగా వచ్చినవి మాత్రమే వడకట్టి చూపిస్తుంది. ప్రొఫైళ్లు, మెసేజీలు, మ్యాపు వంటివి ఏ యాప్‌లోనైనా ఉండేవే కాబట్టి వాటి గురించి రాయడం లేదు. దీన్ని నడుపుతున్నది కొద్దిమంది మాత్రమే, పైగా నాకు ఒక గట్టి ఫిర్యాదు కూడా ఉంది, అందువల్ల పేరూ రాయడం లేదు. న్యూజెర్సీలో వాయించేవాళ్లకు ట్యూన్ల జాబితా అన్న మాట చాలు, దేని గురించి చెబుతున్నానో తెలిసిపోతుంది.

జాబితాలో కీ గురించి అంత పట్టింపు ఎందుకని జాజ్‌తో పరిచయం లేనివారికి అనిపించవచ్చు. నేనుండే ఎడిసన్ ప్రాంతంలో కర్ణాటక సంగీతానికి తోటివారు ఇట్టే దొరుకుతారు. త్యాగరాజ ఆరాధన నాడు అంతకుముందు ఎన్నడూ కలిసి పాడనివారు సైతం పక్కపక్కన కూర్చుని నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లోని పంచరత్నాలను ఒక్క గొంతుగా పాడేస్తారు, ఎందుకంటే శ్రుతి ముందే నిర్ణయమై ఉంటుంది, కీర్తనలు అందరికీ కంఠస్థం. జాజ్‌లో శ్రుతి ట్యూన్‌ను బట్టి మారుతుంది, ఆ ట్యూన్‌కు కూడా ఒక్కోచోట ఒక్కో ఆనవాయితీ ఉంటుంది. ‘ఆటమ్ లీవ్స్’నే తీసుకోండి. బోస్టన్‌లోని బర్క్లీ సంగీత కళాశాల విద్యార్థులు 1970లలో అనుమతుల్లేకుండా తయారుచేసి చాటుగా అమ్మిన జాజ్ ట్యూన్ల పుస్తకం ‘రియల్ బుక్’లో అది ఇ మైనర్‌లో ఉంటుంది, వేదికల మీద మాత్రం ఎక్కువమంది జి మైనర్‌లో వాయిస్తారు. నాది టెనర్ సాక్సోఫోన్, దాని మీద స్వరాల పేర్లు పియానో మీదివాటికన్నా ఒక మెట్టు పైనుంటాయి. పియానో మీది జి మైనర్ నా వాద్యం మీద ఎ మైనర్ అవుతుంది, వేళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు. పియానో మీద ఇ మైనర్ అంటే నాకు ఎఫ్ షార్ప్ మైనర్, మూడు షార్పులు, వేళ్లకు అంత సులువు కాదు. పుస్తకం చూసి నేర్చుకున్న పియానిస్టూ, వేదికల మీద నేర్చుకున్న సాక్సోఫోనిస్టూ ఇద్దరూ ‘ఈ ట్యూన్ నాకు వచ్చు’ అని నిజాయితీగానే చెప్పి, మొదటి నాలుగు బార్లలోనే (తాళపు ఆవర్తాల్లోనే) ఢీకొనడం నేను కళ్లారా చూశాను.

సాక్సోఫోన్, గిటార్ వాయించేవాళ్లకు ఇక్కడ కొదవ లేదు. డబుల్ బేస్, డ్రమ్స్ వాళ్లే అపురూపం, కాబట్టి వాళ్లే ఆధారమైన రిథమ్ సెక్షన్ కుదరడమే నాలాంటి అమెచ్యూర్లకు అసలు సమస్య. ఒక మంచి బేస్ వాద్యకారుడు కొత్తవాళ్లతో వాయించడానికి ఒప్పుకోవాలంటే సాయంత్రమంతా వృథా కాదన్న నమ్మకం ఆయనకు కలగాలి. ఈ జాబితా చేసింది అదే. ఇప్పుడు నాతో వాయిస్తున్న బేస్ ఆయన నా సందేశం చదివి రాలేదు, మా ఇద్దరికీ ఒకే కీలో వచ్చిన ట్యూన్లు పేజీ నిండా కనిపించాయి కనుక వచ్చారు. డ్రమ్మర్ గారి బేస్‌మెంట్‌లో మేం మొదటిసారి కలిసిన రోజున ‘ఏం వాయిద్దాం’ అని ఎవరూ అడగలేదు. బేస్ ఆయన తీగలు శ్రుతి చేసుకుంటూనే ఒక పేరు చెప్పారు, డ్రమ్మర్ టెంపో లెక్కపెట్టారు, అంతే. మామూలుగా అయితే ఫోన్లలో చార్టులు (ట్యూన్ల స్వరలిపి) వెతుక్కోవడానికే సగం సాయంత్రం పోతుంది.

ఇక ఫిర్యాదు. తోడు దొరికాక వేదిక కావాలి, ఆ భాగం కూడా ఈ యాప్‌లో ఉంది. ఒక చిన్న పట్టణంలో రైల్వేస్టేషన్‌కు దగ్గరలో ఉన్న కాఫీ షాపు పేరు పక్కన ‘ధ్రువీకరించినది’ అనే ఆకుపచ్చ గుర్తు ఉంది. ఆదివారం మధ్యాహ్నాలు ఖాళీ, నిలువు పియానో ఉంది, డ్రమ్స్‌కు అభ్యంతరం లేదు అని వివరాలున్నాయి. యాప్‌లోనే అడిగాం, యాప్‌లోనే సమ్మతి వచ్చింది. మా నలుగురిలో పియానో ఆయన ట్రెంటన్ అవతలినుంచి వచ్చారు. తీరా వెళ్లేసరికి పియానో ఉండవలసిన గోడ పక్కన కేకులు పెట్టే అద్దాల బీరువా ఉంది. చెక్క నేల మీద పియానో చక్రాలు దిగబడిన గుంటలు మాత్రం ఆ బీరువా ముందు స్పష్టంగా కనిపిస్తున్నాయి. మేనేజరు కొత్తగా వచ్చినావిడ. సంగీతం ఎప్పుడో మానేశామనీ, యాప్‌లో జవాబులిచ్చే ఖాతా పాత మేనేజరుదనీ చాలా మర్యాదగా చెప్పారు. అప్పటికే బేస్ ఆయన కారులోంచి వాద్యాన్ని దించి, కాలిబాట మీద దాని నడుము పట్టుకుని నిలబడి ఉన్నారు.

సంగీతం ఎందుకు మానేశారని అడిగితే ఆవిడ డ్రాయర్‌లోంచి లైసెన్సు రుసుము గురించి వచ్చిన ఒక ఉత్తరం తీసి చూపించారు. అమెరికాలో కాపీరైటు ఉన్న పాటను కాఫీ షాపులో వాయించాలంటే పాటల హక్కుదారుల తరఫున రుసుము వసూలు చేసే సంస్థల దగ్గర, అంటే 1914 నుంచీ ఉన్న ఆస్కాప్, 1939లో పుట్టిన బీఎమ్‌ఐ వంటివాటి దగ్గర, లైసెన్సు తీసుకోవాలి. సాధారణంగా ఆ రుసుము కట్టవలసింది వాయించేవాళ్లు కాదు, దుకాణం యజమాని. చిన్న వేదికలు సంగీతానికి వెనకాడడానికి ఇదొక పెద్ద కారణం. ఒకటి కడితే సరిపోదు, ఒక్కో సంస్థ చేతిలో వేరువేరు పాటలుంటాయి. వారానికి ఒక్క పూట జాజ్ కోసం ఇంత ఖర్చు తనకు గిట్టుబాటు కాదని యజమాని అనుకోవడంలో తప్పు లేదు. వేదిక వివరాల్లో పియానో ఉందో లేదో రాసినవాళ్లు ఈ లైసెన్సు సంగతి రాయకపోవడమే నాకు కోపం తెప్పించింది.

అప్పుడు డ్రమ్మర్‌కు ఒక ఆలోచన వచ్చింది. ట్యూన్ల జాబితాలో ప్రచురణ సంవత్సరం అనే గడి ఒకటి ఉంటుంది, అంతవరకూ దాన్ని మేమెవరం పట్టించుకోలేదు. ఆ కాలపు రచనలకు ప్రచురితమైన 95 ఏళ్లకు అమెరికాలో హక్కులు తీరిపోతాయి, 1929 నాటివి 2025 జనవరి 1న అందరి సొత్తయ్యాయి. ఆయన 1929కి ముందూ, ఆ సంవత్సరమూ వచ్చినవి మాత్రమే వడకడితే మాకు ఉమ్మడిగా వచ్చినవి కొన్ని మిగిలాయి. 1924 నాటి ‘లేడీ బి గుడ్’ జి లో, 1925 నాటి ‘స్వీట్ జార్జియా బ్రౌన్’ ఎ ఫ్లాట్‌లో, 1929 నాటి ‘హనీసకిల్ రోజ్’ ఎఫ్‌లో, ఇంకొన్ని. ఆ తెరను మేనేజరుకు చూపించాం. ఆవిడ యజమానికి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడారు. చివరికి ఆ ట్యూన్లు మాత్రమే, ఒక్క గంట మాత్రమే, డ్రమ్స్ కర్రలతో కాకుండా చప్పుడు తక్కువ చేసే బ్రష్‌లతో మాత్రమే అనే షరతుల మీద ఒప్పుకున్నారు.

పియానో లేదు కనుక గంటసేపూ ముగ్గురమే వాయించాం. టెనర్ సాక్సోఫోనిస్టు సోనీ రోలిన్స్ 1957లో న్యూయార్క్‌లోని విలేజ్ వాన్‌గార్డ్ క్లబ్బులో బేస్, డ్రమ్స్ మాత్రమే తోడుగా వాయించి రికార్డు చేసిన సంగతి జాజ్ వినేవారందరికీ తెలిసిందే. కార్డ్‌లు (ఒకేసారి పలికే స్వరాల గుచ్ఛాలు) నింపే పియానో లేనప్పుడు హార్మనీ మొత్తాన్ని సాక్సోఫోనే వినిపించాలి, మాబోటివాళ్లకు అది చాలా బరువైన పని. అయినా ‘హనీసకిల్ రోజ్’లో మూడో కోరస్‌కు, అంటే ట్యూన్ మొత్తం మూడోసారి తిరిగే చోటికి, వచ్చేసరికి కౌంటరు దగ్గర వరుసలో నిలబడినవాళ్లు ఇటు తిరిగారు. గంట దూరం నుంచి వచ్చిన పియానో ఆయన మాత్రం ఒక్క స్వరమూ వాయించకుండా కాఫీ తాగి వెళ్లిపోయారు. ఆయన మళ్లీ మాతో వేదిక ప్రయత్నాలకు రానన్నారు, ఆ నష్టం ఈ యాప్ ఖాతాలోదే. ఫిర్యాదు పంపితే, ధ్రువీకరణ అనేది వేదికను చేర్చుకునేటప్పుడు ఒక్కసారే జరుగుతుందని జవాబు వచ్చింది. తర్వాత ఆ గుర్తు పక్కన తేదీ చూపించడం మొదలుపెట్టారు, అది మంచి మార్పే. పాత తేదీలున్న వేదికలు మాత్రం ఇప్పటికీ ఆకుపచ్చగానే ఉన్నాయి.

జాబితా గురించి పైన చెప్పినదాన్ని కూడా కొంత సవరించుకోవాలి. ‘వచ్చు’ అనే గుర్తు ఎవరికి వారు పెట్టుకునేది. కొందరికి హెడ్ (ట్యూన్ అసలు వరుస) వస్తుంది, బ్రిడ్జిలో (మధ్య భాగంలో) కార్డ్‌లు రావు. కొందరికి నెమ్మదిగా వస్తుంది, వేగం పెంచితే రాదు. టెంపో నమోదు చేసే వీలు ఇందులో లేదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఉమ్మడిగా వచ్చినవే చూపిస్తుంది కనుక నెలల తరబడి అవే ట్యూన్ల చుట్టూ తిరుగుతాం. న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో 1938లో మొదలైన జాజ్ క్లబ్బు మింటన్స్ ప్లేహౌస్‌లో, 1940ల తొలినాళ్లలో పియానిస్టు థెలోనియస్ మంక్, డ్రమ్మర్ కెన్నీ క్లార్క్ అక్కడి స్థిర బృందంలో ఉన్న రోజుల్లో, కావాలనే కష్టమైన కీలు, కొత్త కార్డ్‌లు ఎంచుకునేవారని చెబుతారు. రానిది ఎదురైనప్పుడు చెవితో పట్టుకోవడమే జామ్ సెషన్ (ముందస్తు సాధన లేకుండా కలిసి వాయించే కూటమి) నేర్పే విద్య, ఈ జాబితా ఆ సందర్భాన్నే లేకుండా చేస్తుంది. అందుకే మేం ఇప్పుడు ప్రతిసారీ ముగ్గురికి వచ్చి ఒకరికి రానిది ఒకటి కావాలని పెట్టుకుంటున్నాం, దాన్ని యాప్ వడకట్టి ఇవ్వదు, మేమే వెతుక్కోవాలి.

కాబట్టి ఇది అందరికీ పనికొస్తుందని చెప్పలేను. నాకు ఉద్యోగం, బడి పిల్లలు, వారాంతం తప్ప వీలు లేదు. మాన్‌హటన్‌లో ఉంటూ అర్ధరాత్రి దాటాక బయట తిరగగలిగినవారికి 1994లో వెస్ట్ 10వ వీధిలో తెరిచిన స్మాల్స్ జాజ్ క్లబ్బు వంటి చోట్ల జరిగే జామ్‌లే మేలు, మనుషులు అక్కడే పరిచయమవుతారు. బేస్, డ్రమ్స్ వాయించేవారు చందా కట్టనక్కరలేదు, ఉచిత ఖాతా తెరిస్తే చాలు, పిలుపులు వాటంతట అవే వస్తాయి. గాయనీగాయకులకు మాత్రం నా కన్నా ఎక్కువగా ఉపయోగపడవచ్చు, ఎందుకంటే వాళ్ల గొంతుకు సరిపడే కీలో వాయించగలవారెవరో పిలవకముందే తెలుస్తుంది. నా చందా గడువు వచ్చే నెలతో ముగుస్తుంది, ట్యూన్ల జాబితా కోసం మళ్లీ కడతాను. వేదికల భాగం లేకుండా తక్కువ రుసుముతో ఇస్తే అదే తీసుకుంటాను. కాఫీ షాపులకు ఎలాగూ ఇప్పుడు నేనే ఫోన్ చేసి, పియానో సంగతీ లైసెన్సు సంగతీ అడిగి తెలుసుకుంటున్నాను.