కాగిన నూనెతో బయోడీజిలా, పెట్రోలా, విమానం ఆయిలా... మనకి ఏది మేలు?

మా బాబాయికి గుంటూరు అరండల్‌పేటలో చిన్న హోటల్ ఉంది, పొద్దున పూరీలు, సాయంత్రం బజ్జీలు, చికెన్ పకోడీ. నల్లగా కాగిపోయిన నూనె డబ్బాల్లో పేరుకుపోతుంటే మొన్న ఫోన్ చేసి "ఒరేయ్, నువ్వు కెమికల్ చదివావు కదా, దీంతో డీజిల్ చేస్తారంట, మన జనరేటర్‌కి మనమే చేసుకుంటే పోలా" అన్నాడు. అంత ఈజీ కాదు బాబాయ్ అంటే వినడే, అందుకే ఇదంతా కూర్చుని రాస్తున్నా.

దారులు మూడున్నాయి. అందరూ చెప్పేది బయోడీజిల్. నూనెలో మిథనాల్ కలిపి, రియాక్షన్‌ని తొందర చేసే కాటలిస్ట్‌గా నూనె బరువులో ఒక శాతం దాకా కాస్టిక్ సోడా వేసి 60 డిగ్రీల దగ్గర ఓ గంట తిప్పితే పైన బయోడీజిల్ తేలుద్ది, కింద గ్లిజరిన్ దిగుద్ది. వంద లీటర్లు పోస్తే దాదాపు వంద లీటర్లూ వస్తాయి, ఈ లెక్క చూసే అందరూ పడిపోతారు. నేనూ పడ్డా. ఫైనలియర్‌లో బెజవాడలో ఓ బజ్జీల బండి దగ్గర నూనె అడుక్కొచ్చి ప్రాజెక్ట్ మొదలెట్టాం, గంటయ్యాక చూస్తే ఫ్లాస్కులో డీజిల్ లేదు, పెరుగులాగా సబ్బు కట్టేసింది. తప్పు మాదే. నూనె మళ్ళీ మళ్ళీ కాగితే అందులో ఫ్రీ ఫ్యాటీ ఆమ్లాలు, అంటే నూనె విరిగి విడిపడ్డ ఆమ్లాలు, పెరుగుతాయి, అవి రెండు మూడు శాతం దాటితే కాస్టిక్ సోడా డీజిల్ సంగతి వదిలేసి వాటితో సబ్బు కట్టుద్ది, ఇక పిండిలోంచి దిగిన తడి ఉందంటే చెప్పక్కర్లేదు. అలాంటి నూనెని ముందు వడగట్టి, నీళ్ళు ఎగిరిపోయేదాకా కాచి, సల్ఫ్యూరిక్ యాసిడ్, మిథనాల్‌తో ఓ రౌండ్ తిప్పి ఆ ఆమ్లాల్ని దించుకోవాలి, ఆ తర్వాతే కాస్టిక్. మిథనాల్ అంటే ఆషామాషీ కాదు, కల్తీ సారా తాగి జనం చచ్చేది దీంతోనే, పైగా మండితే ఎండలో మంట కూడా కనపడదు. వంటింటి పక్కన పెట్టే సరుకా అది?

కోడిగుడ్డు పెంకుల్ని 900 డిగ్రీల దాకా కాల్చి ఆ సున్నాన్ని కాటలిస్ట్‌గా వాడొచ్చని కూడా అంటారు, నిజమే, పనిచేస్తుంది. వడగట్టి మళ్ళీ వాడుకోవచ్చు, కడిగే నీళ్ళూ తగ్గుతాయి. కానీ గాల్లో తడి, కార్బన్ డయాక్సైడ్ తగిలితే నీరసపడిపోద్ది, కొంత సున్నం డీజిల్లోకి కూడా దిగుద్ది. కాగిన నూనెతో దీనికీ సబ్బు బాధ తప్పదు.

రెండోది క్రాకింగ్. జియోలైట్ (సన్నటి రంధ్రాలుండే ఖనిజం) కాటలిస్ట్ మీద 450 డిగ్రీల దగ్గర నూనెని ముక్కలు చేయడం. పెట్రోల్ లాంటిది, కిరోసిన్ లాంటిది, డీజిల్ లాంటిది అన్నీ కలిసి వస్తాయి, మిథనాల్ అక్కర్లేదు, ఆమ్లాలున్నా పట్టించుకోదు. వినడానికి ఇదే బెస్ట్ అనిపిస్తుంది కదా? కానీ కొంత నూనె గ్యాసైపోద్ది, కొంత మసై కాటలిస్ట్ మీదే పేరుకుంటుంది, ఆ మసిని మళ్ళీ మళ్ళీ కాల్చి వదిలించాలి, వచ్చిన ద్రవాన్ని విడివిడిగా కాచి వడబోయాలి. షెడ్డులో డ్రమ్ము కింద పొయ్యి పెట్టి చేస్తామనేవాళ్ళకి దూరంగా ఉండండి.

మూడోది హైడ్రోజన్ పట్టించడం. నికెల్, మాలిబ్డినం కాటలిస్టులు, 300 పైన వేడి, 50 బార్ (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 50 రెట్లు) పైన ప్రెజర్. వచ్చేది అచ్చం మామూలు డీజిలే, ఇంకాస్త మలిస్తే విమానం ఇంధనం. ఇంధనంగా మూడింట్లో ఇదే రాజు, అనుమానం లేదు. అంతర్జాతీయ విమానాల్లో 2027కి 1 శాతం ఇలాంటి పచ్చ ఇంధనం కలపాలని మన దేశం టార్గెట్ పెట్టుకుంది కాబట్టి కాగిన నూనెకి గిరాకీ పెరిగేదే గానీ తగ్గేది కాదు. కాకపోతే అది రిఫైనరీ పని, ఆటోనగర్ షెడ్డు పని కాదు.

మరి మనకేది? నేనైతే బయోడీజిలే అంటా, కానీ బాబాయి చేసేది కాదు, చుట్టుపక్కల హోటళ్ళ నూనె అంతా ఒకచోట చేర్చి యాసిడ్ రౌండ్, కాస్టిక్ రౌండ్ రెండూ పద్ధతిగా నడిపే యూనిట్ చేసేది. మనకింకో కలిసొచ్చే విషయం ఉంది, హోటళ్ళలో ఎక్కువ వాడేది పామాయిలే, దాని బయోడీజిల్ 15 డిగ్రీల దగ్గర మబ్బు కమ్మి గడ్డకట్టడం మొదలెడుతుంది, ఢిల్లీ చలికి అది కష్టమే గానీ బెజవాడలో అంత చలి ఎన్ని రాత్రులుంటుంది చెప్పండి. అమ్మాలంటే మాత్రం బయోడీజిల్‌కి మన దేశం పెట్టిన ఐఎస్ 15607 ప్రమాణానికి తూగాలి, జనరేటర్లో పోసి నడిచింది కదా అంటే సరిపోదు. పాత ఇంజన్ల రబ్బరు పైపుల్ని ఉబ్బిస్తుంది కూడా.

ఇవేవీ కాకుండా నాలుగోది ఒకటుంది, ఆ నూనెని చవగ్గా ఇంకో బండివాడికి అమ్మేయడం. దానికంటే డబ్బా మూలన పడున్నా నయం. నూనెలో పోలార్ పదార్థాలు, అంటే కాగి కాగి నూనె విరిగితే పెరిగేవి, 25 శాతం దాటితే వంటకి వాడకూడదని 2018 జులై 1 నుంచి రూలుంది, రోజుకి 50 లీటర్ల పైన వాడే హోటళ్ళు లెక్క కూడా రాయాలి.

ఇదంతా చెప్తే బాబాయి కాసేపు ఆలోచించి "అయితే జనరేటర్ సంగతి వదిలెయ్, అమ్మేటప్పుడు రేటెలా పెరుగుద్దో చెప్పు" అన్నాడు. రోజూ వడగట్టు, నీళ్ళు తగలనీకు, పూరీల నూనెని పకోడీ నూనెలో కలపకు అన్నా. ఇప్పుడు రెండు డబ్బాలు పెట్టాడు. పకోడీ డబ్బాకి మాత్రం కొనేవాడు ఇంకా బేరమాడుతూనే ఉన్నాడంట.