చందుర్తి యుద్ధానికి ప్లాస్టిక్ సైనికులు

1758 డిసెంబరు 7న పిఠాపురం సమీపంలోని చందుర్తి వద్ద ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి చెందిన కల్నల్ ఫోర్డ్ సేన ఫ్రెంచివారిని ఓడించిన యుద్ధాన్ని బొమ్మ సైనికులతో బల్లపై ఆడాలన్న కోరికతో, 1/72 స్కేలులో (అసలు పరిమాణంలో 72వ వంతు) సప్తవర్ష సంగ్రామ (1756–63) కాలపు పదాతిదళం బొమ్మల పెట్టె ఒకటి కాకినాడకు తెప్పించుకున్నాను.

సుమారు 25 మిల్లీమీటర్ల ఎత్తున్న బొమ్మల్లో కోటు మడతలు, తూటాల సంచి, మూడు కొనల టోపీ చక్కగా తేలాయి. తుపాకులు మాత్రం వంగి వచ్చాయి. వేడినీటిలో ముంచి సరిచేసి, వెంటనే చన్నీటిలో పెడితే చాలావరకు నిలుస్తాయి. ఈ మెత్తటి పాలిథిలిన్ రంగును పట్టుకోదు కనుక సబ్బునీటితో కడిగి ప్రైమరు (రంగు అంటుకోవడానికి ముందుగా వేసే పూత) పూయడం తప్పనిసరి. మన డెల్టా ఉక్కలో, అందునా శ్రావణ భాద్రపదాల్లో, ఒక పూత పూర్తిగా ఆరనిదే రెండోది వేయరాదు.

అసలు లోటు సిపాయిలు, అంటే కంపెనీ కొలువులోని భారతీయ సైనికులు. ఎర్రకోట్లు తొడిగిన ఫోర్డ్ సిపాయిలనే ఐరోపా దళమని ఫ్రెంచివారు పొరబడి వారిపైకి వెళ్లడం ఆనాటి గెలుపోటములను మార్చింది. ఆ భ్రమ లేనిదే ఈ ఆటకు అర్థం లేదు. పెట్టెలో ఒక్క సిపాయి కూడా లేడు, ఫోర్డ్‌కు తోడుగా వచ్చిన విజయనగరం రాజు ఆనందగజపతి సేన సంగతి సరేసరి. ఐరోపా దళమనే పెట్టెపై ముద్రించారు కనుక తయారీదారును తప్పుపట్టలేము. టోపీలు కోసి, ఎపాక్సీ పుట్టీతో తలపాగాలు చుట్టుకోవలసి వచ్చింది. లోహపు బొమ్మల కంటే ఎంతో చవక కాబట్టి, అంత ఓపిక ఉన్నవారు నిస్సందేహంగా కొనవచ్చు.