కాఫీ పూల టూర్ అని అరకు తీసుకెళ్ళి నందివర్ధనం చూపించారు. అడ్వాన్సు కట్టబోయేవాళ్ళు ఒకసారి చదవండి

మళ్ళీ పోస్టరు పెట్టాడండి మహానుభావుడు. ఈసారి జూన్‌కట. "అరకు కాఫీ పూల స్పెషల్, కొద్ది సీట్లే ఉన్నాయి" అని. జూన్‌లో కాఫీ పూలు! భోగి రోజున ఆవకాయ కాయలు అమ్ముతానన్నట్టుంది. అది చూసి ఒళ్ళు మండి రాస్తున్నాను. మేము ఆయన బస్సు దిగి ఎన్నాళ్ళో కాలేదు, మా అత్తగారి కాళ్ళ వాపులు ఇంకా తగ్గలేదు.

పేరు రాయను. అమలాపురం చుట్టుపక్కల వాళ్ళకి రాయక్కర్లేదు కూడా. కార్తీకమాసం వస్తే పంచారామాలకి బస్సులు వేస్తాడు చూడండి, ఆయనే. ఆ ట్రిప్పు బాగానే నడుపుతాడు, కాదనను. తెల్లారకముందే బయల్దేరదీసి ఐదు గుళ్ళూ చూపించి రాత్రికి ఇంటిదగ్గర దింపుతాడు. ఆ నమ్మకంతోనే తలకి 5,500 చొప్పున ఐదుగురికీ ఫోన్‌పే కొట్టేశాం. పిల్లలకి సెలవులు, ఇక్కడ చూస్తే ఉక్కపోత, పైగా వాట్సాప్‌లో ఆ పోస్టరు.

ఆ పోస్టరు గురించి చెప్పాలి. పైన మేఘాల సముద్రం, అంటే పాడేరు దగ్గరి వంజంగి కొండ. దాని కింద పసుపు పరిచినట్టున్న వలిసె పూల పొలం. పక్కన ఎర్రటి కాఫీ పళ్ళ గుత్తి, ఇంకో పక్క తెల్లటి కాఫీ పూల కొమ్మ, వెనకాల ఉరికే జలపాతం. మధ్యలో థింసా ఆడుతున్న ఆడవాళ్ళు. ఏడాది మొత్తాన్ని తీసుకొచ్చి ఒక్క పోస్టర్లో కుక్కాడు. ఆ మేఘాలు చలికాలంవి, ఆ వలిసె పూలు అక్టోబరు చివరినుంచి నవంబరులోవి, ఆ ఎర్రపళ్ళు నవంబరు నుంచి జనవరి దాకా కోసేవి, ఆ తెల్లపూలు మార్చి, ఏప్రిల్‌వి, ఆ జలపాతం ఆగస్టు, సెప్టెంబరుది. ఇవన్నీ ఒకేసారి కనిపించే నెల దేవుడు కూడా చెయ్యలేదు. ఇదంతా ఇప్పుడు గడగడా చెబుతున్నాను కానీ, డబ్బు కట్టేటప్పుడు నా బీఎస్సీ బోటనీ ఏ బీరువాలో నిద్రపోతోందో మరి.

అడక్కుండా ఉన్నానా అంటే అడిగాను. "మే నెలలో పూలుంటాయా అండీ?" అన్నాను ఫోన్లో. "ఆయ్, ఎందుకుండవండీ మేడమ్, కొండంతా తెల్లగా మెరిసిపోద్దండి, గ్యారంటీ" అన్నాడు. ఆ "గ్యారంటీ" గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ప్రయాణం సంగతి క్లుప్తంగా చెబుతాను. విశాఖపట్నం నుంచి అద్దాల రైలు పెట్టెలో తీసుకెళ్తామన్నారు. కిరండూల్ లైన్లో సొరంగాల్లోంచి వెళ్ళే ఆ రైలు కోసమే మా చిన్నోడు రెడీ అయ్యాడు. విశాఖ చేరాక "టికెట్లు దొరకలేదు, బస్సే" అన్నారు. శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డు మలుపుల్లో సగం బస్సు వాంతులు. చాపరాయి వాగులో బండలు ఉన్నాయి, వాటిమీద జారాల్సిన నీళ్ళు మాత్రం చీలమండ కూడా తడపలేదు. వంజంగికి అర్ధరాత్రి దాటగానే లేపి తీసుకెళ్ళి కొండెక్కించారు. సూర్యుడు వచ్చాడు, చెమటలు వచ్చాయి, మేఘం ఒక్కటి రాలేదు. ఇవన్నీ సర్దుకుపోయేవాళ్ళమే, ఎండాకాలం కదా అనుకుని. రాత్రిపూట అక్కడ ఫ్యాన్ లేకుండా దుప్పటి కప్పుకుని పడుకున్నాం, ఆ సుఖం నిజమే, అబద్ధం చెప్పను.

అసలు సంగతి ఆ సాయంత్రం జరిగింది.

బస్సులో అందరూ "బాబూ, కాఫీ పూలేవి?" అని గైడు కుర్రాణ్ణి పట్టుకున్నారు. వాడు పక్కకెళ్ళి ఎవరికో ఫోన్ చేసి, నవ్వుకుంటూ వచ్చి, "రండి రండి, ఇక్కడే ఉన్నాయి" అని మా లాడ్జి వెనక్కి తీసుకెళ్ళాడు. నీళ్ళ ట్యాంకు పక్కన గోడ వారగా నాలుగైదు పొదలు. నిగనిగలాడే ఆకులు, తెల్లటి పూలు, ఐదు రెక్కలు. "ఇవేనండి కాఫీ పూలు, ఫొటోలు తీసుకోండి" అన్నాడు. జనం ఎగబడ్డారు. ఒకావిడ చెవి వెనకాల పెట్టుకుని సెల్ఫీ. ఎవరో అయితే "ఆహా, కాఫీ వాసన వస్తోంది" అన్నారు కూడా. నేనూ ఫోన్ తీశాను.

మా అత్తగారు మాత్రం కదల్లేదు. ఆవిడ పుట్టిల్లు కడియపులంక. నర్సరీల మధ్య పుట్టి పెరిగిన మనిషి, అంట్లు కట్టిన చేతులు. కళ్ళజోడు సర్దుకుని దగ్గరికెళ్ళి, ఒక ఆకు తుంచి, తొడిమ దగ్గర వేలితో నొక్కారు. తెల్లగా పాలు బొటబొటా కారాయి. ఆ వేలు తీసుకొచ్చి గైడు ముక్కు దగ్గర పెట్టి, "ఒరే అబ్బాయ్, కాఫీ మొక్కకి పాలు కారతాయా? ఇది నందివర్ధనం. మా పెరట్లో రోజూ పూజకి కోసుకుంటాను. దీన్ని చూపించడానికా ఇంత దూరం లాక్కొచ్చావు?" అన్నారు.

అంతా ఒక్కసారి చప్పబడిపోయింది. చెవి వెనక పెట్టుకున్నావిడ మెల్లిగా పువ్వు తీసేసింది.

వాడు ఏమంటాడనుకున్నారు? సారీ అంటాడనుకున్నాను. "మామ్మగారూ, ఏ పువ్వైతే ఏముందండీ, తెల్లగా ఉందా లేదా?" అన్నాడు. మా ఆయన ఓనరుకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు. పదిమందీ వింటుండగా ఆ పెద్దమనిషి అన్న మాట ఇది: "పూలు మేము పూయిస్తామా సార్? చెట్టు మాట వినలేదు, మేమేం చెయ్యం?" మరి గ్యారంటీ అన్నారు కదా అంటే, "గ్యారంటీ బస్సుకి సార్, పువ్వులకి కాదు. చదువుకున్నవాళ్ళు, మే నెలలో ఏం పూస్తాయో మీకే తెలియాలి" అని పెట్టేశాడు. చదువుకున్నవాళ్ళు! డబ్బు పోయినందుకు కన్నా ఆ మాటకి ఎక్కువ కాలింది నాకు. మొన్న మార్చిలో పొగిడి పొగిడి అడ్వాన్సు తీసుకున్న గొంతే అది.

మర్నాడు పొద్దున మేమే ఆటో మాట్లాడుకుని నిజం కాఫీ తోటకి వెళ్ళాం. సిల్వర్ ఓక్ చెట్ల నీడ, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. అక్కడ పనిచేస్తున్న ఒకావిడ కొమ్మ వంచి చూపించింది. కణుపు కణుపుకీ ఆకుల మొదట్లో గుత్తులుగా చిన్న చిన్న ఆకుపచ్చ పిందెలు, మిరియం గింజంత ఉన్నాయి. పూత ఎప్పుడో రాలిపోయిందమ్మా అంది. ఎండాకాలం మొదట్లో ఒక మంచి వాన పడాలట. పడ్డాక వారం పది రోజులకి తోటంతా ఒక్కసారే తెల్లబడుతుంది, మల్లెల వాసన వస్తుంది, మూడు నాలుగు రోజుల్లో వాడిపోతుంది. ఆ వాన ఎప్పుడు పడుతుందో ఆవిడకే తెలియదు. మరి అమలాపురంలో కూర్చుని నెల ముందే తారీకు వేసి పోస్టరు కొట్టేవాడికి ఎలా తెలుస్తుంది? మే కాకుండా మార్చిలో తీసుకెళ్ళినా పూలు గ్యారంటీ అనే మాట అబద్ధమే. వెళ్ళదలచుకుంటే వాన పడిందో లేదో అక్కడివాళ్ళని కనుక్కుని అప్పటికప్పుడు బయల్దేరాలి, ముందు బుకింగ్ కుదరదు.

ఆ పిందెలు పండడానికి ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. అంటే ఎర్రపళ్ళు కోస్తుంటే చూడాలన్నా, వాటిని తోలు తీసి కళ్ళాల్లో ఆరబోస్తుంటే చూడాలన్నా డిసెంబరు మంచిది. నన్నడిగితే సంక్రాంతి హడావిడి మొదలవ్వకముందే, వారం మధ్యలో వెళ్ళండి. శని, ఆదివారాల్లో వంజంగి మీద మేఘాల కన్నా మనుషులే ఎక్కువ ఉంటారట, లాడ్జిల రేట్లు కూడా అలాగే ఉంటాయి. పొగమంచు, లంబసింగి చలి కూడా అప్పుడే. స్వెట్టర్లు పెట్టుకోండి, మన గోదావరి జిల్లాల చలి లాంటిది కాదది. వలిసె పూలు మాత్రం అప్పటికి అయిపోవస్తాయి, అవి కావాలంటే నవంబరులోనే. అక్టోబరులో తుపాన్ల సంగతి మనకి ఒకరు చెప్పాలా? 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు అరకు తోటల్లో నీడనిచ్చే సిల్వర్ ఓక్‌లే కూలిపోయాయి. జూన్ నుంచి కొండలు పచ్చబడతాయి, వానలు ముదిరాక కటికి జలపాతం బాగుంటుంది, కాకపోతే కొండచరియలు విరిగి రైళ్ళు ఆగిపోయే రోజులు కూడా అవే. పిల్లల్నీ ముసలివాళ్ళనీ వేసుకుని నేనైతే వెళ్ళను. ఉత్తినే కాఫీ మొక్క ఎలా ఉంటుందో చూడ్డానికే అయితే అంత దూరం దేనికి, రాజమండ్రి నుంచి మారేడుమిల్లి పోతే అక్కడా కాఫీ, మిరియాల తోటలున్నాయి, బొంగు చికెన్ తిని వచ్చేయొచ్చు.

డబ్బు సంగతా? అడిగాను. రైలు టికెట్టుకీ బస్సుకీ తేడా అయినా వెనక్కి ఇవ్వమన్నాను. "చూద్దాం మేడమ్" అన్నాడు, సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులోంచి నన్ను తీసేశాడు. నన్నొక్కదాన్నే కాదు, నందివర్ధనం ఫొటో గ్రూపులో పెట్టిన మండపేట ఆయన్ని కూడా. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. పోస్టరు, ఫోన్‌పే రసీదు ఉన్నాయా అని వాళ్ళు అడిగారు. రసీదు ఉంది. పోస్టరు మా తోటికోడలి ఫోన్లో దొరికింది, లేకపోతే అదీ లేదు, ఆయన తన స్టేటస్‌లో ఎప్పుడో తీసేశాడు.

జూన్ ట్రిప్పుకి ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్ళు ఉంటే మిగతాది బస్సెక్కేదాకా కట్టకండి. రైలన్నారంటే మీ పేర్లతో ఉన్న టికెట్టు చూపించమనండి. ఇప్పుడు తిరుగుతున్న కొత్త పోస్టరు ఇవాళే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మాతో వచ్చినవాళ్ళెవరైనా ఇది చదువుతుంటే కింద కామెంట్లో చెప్పండి, ఫిర్యాదులో మీ పేర్లు కూడా కలుపుతాను. మా అత్తగారు సాక్ష్యానికి రెడీగా ఉన్నారు, ఆకుతో సహా.